రంగు మారిన మందు

ఉదయం ఎనిమిదీ పది. రేడియేషన్ విభాగం మందుల గదిలో బంగారు రేణువుల మందు రంగు మారినట్టు ఫార్మసిస్టు గుర్తించింది. మందు పరీక్షించి ఇచ్చినట్టు ఫారం మీద ఆమె సంతకం కోసం పెద్ద డాక్టరు స్వయంగా వచ్చాడు.

"రంగు చూసి ఎంచుకోడానికి ఇదేమన్నా చీరా? సంతకం పెట్టమ్మా."

"ఎర్రగా ఉండాలి సార్. నీలంగా ఉంది."

"ఉంటే?"

"గడ్డకట్టి కరిగింది. రేణువులు విడివిడిగా ఉంటేనే ఎరుపు. ఒకదానికొకటి అంటుకుంటే నీలం. అడుగున మడ్డి కూడా ఉంది, చూడండి."

"చూశాలే. మెదడులో కణితులకి పాతికేళ్ళుగా రేడియేషన్ ఇస్తున్నా. సీసాలు తుడుచుకునేదానివి, నాకు రంగులు నేర్పుతున్నావు."

"తుడుస్తాను కాబట్టే కనిపించింది సార్."

"నోరు బానే ఉంది."

"రేణువులు కణితిలోకి దూరితేనే కదా, కిరణం దెబ్బ అక్కడ గట్టిగా తగిలేది? ముద్దలైతే దూరవు. రక్తనాళాల్లో అడ్డం పడతాయి. ఊపిరితిత్తుల్లో గనక పడితే..."

"పడితే, పడితే! ఏ పుస్తకం బట్టీ కొట్టావ్?"

"పెట్టె మీదే రాసుంది. ఫ్రీజర్లో పెట్టకూడదని. నిన్న సాయంత్రం నేను వెళ్ళేటప్పుడు ఫ్రిజ్ కింద అరలోనే ఉంది. ఏడున్నరకి వచ్చి చూస్తే ఫ్రీజర్లో ఉంది. ఒకటి తీసి కరగనిస్తే ఇదిగో, ఇలా. తాళంచెవి మనిద్దరి దగ్గరే..."

"నేనే పెట్టా. రాత్రి టీవీ వాళ్ళొస్తే చూపించి పెట్టా. చల్లగా ఉంచాలన్నారు, ఇంకాస్త చల్లగా ఉంచా. కొంప మునిగిందా?"

"ఫ్రీజర్ తలుపు మీద పెద్దక్షరాలతో కాగితం అంటించాను."

"నువ్వంటించిన కాగితాలు చదువుతూ కూర్చుంటే నేను వైద్యం చేసినట్టే!"

"ఈ మందు ఇవ్వను సార్. కొత్తది రెండ్రోజుల్లో వస్తుంది. టైలరుగారికి ఇవాళ ఎక్కించాల్సింది అప్పటిదాకా ఆపి..."

"టైలరు'గారు'! వాడికి మిగిలిందే నాలుగు నెలలు. తెల్లకాగితమిచ్చినా వేలిముద్ర వేస్తాడు. వాడికి లేని బెంగ నీకెందుకు?"

"వాళ్ళావిడకుంది. నిన్న మూడుసార్లు అడిగింది, ఇది మంచిదేనా అమ్మా అని. మంచిదేనన్నాను."

"అన్నావుగా. ఆ మాటే కాగితం మీద పెట్టు. 'పరీక్షించి ఇచ్చాను' అని రాయి, అంతే. టైము ఆరూ యాభై వెయ్యి."

"ఇప్పుడు ఎనిమిదింపావు."

"నాకు గడియారం చూడ్డం వచ్చు."

"ఆరూ యాభైకి నేను ఇంట్లో ఉన్నాను సార్."

"వెయ్యమంటే వెయ్యి. ఈ ఫారాలన్నీ అలాగే రాస్తారు."

"ఎలాగ?"

"అలాగే!"

"సార్... టైలరుగారు ఎక్కడున్నారు?"

"వార్డులో. పేషెంటు ఇంకెక్కడుంటాడు? ముందు సంతకం..."

"మీరు ఆయనకి..."

"ఎవరది, తలుపు కొట్టేది? తర్వాత రమ్మను."

"వార్డు నర్సునండి. ఏడింటికి మీరు మందెక్కించి వెళ్ళారే, ఆ టైలరుకి ఊపిరి అందట్లేదు. ఆక్సిజన్ పెట్టాం. ఏం మందిచ్చారో కేసుషీట్లో లేదు, డ్యూటీ డాక్టరుగారు అడగమన్నారు."