ఒసాకాలో పిల్లలెవరూ తప్పిపోలేదు

సముద్రపు నాచు పండించే తోరిహమలో హ్యోసుకేని అబద్ధాలకోరు అని ఎవరూ అనరు. జరిగిన సంగతిని అతను ఎండు నాచులా నీళ్ళలో వేస్తాడు, అంతే అంటారు. గుప్పెడు వేస్తే గిన్నె నిండుతుంది.

ఆ మాట మొదట అన్నది ఇవాకిచి. ఇవాకిచి తన మోకాలి ఆపరేషన్ కథ నవంబర్ నుంచి చెబుతూనే ఉన్నాడు, ఇంకా మత్తుమందు ఇచ్చే దాకా కూడా రాలేదు. కాబట్టి ఒకరిని అనే హక్కు అతనికి ఎంతుందో మనం అడక్కూడదు.

అసలీ గొడవంతా ఆ మోకాలి వల్లే వచ్చింది. ఏటా మే నెల సెలవుల్లో ఊరి పిల్లల్ని ఒసాకా తీసుకెళ్ళి చూపించుకు రావడం తోరిహమలో ఆనవాయితీ. ఆరేళ్ళుగా ముందు పసుపు జెండా పట్టుకుని నడిచింది ఇవాకిచే. ఇప్పుడతను మెట్లెక్కలేడు. ఆదివారం మీటింగులో ఇంకొకరిని ఎంచుకోవాలి. పద్నాలుగు మంది పిల్లలు, ఒక జెండా.

ఆ జెండా హ్యోసుకేకి కావాలి. మామూలుగా కాదు. రెండో తరగతి చదివే అతని కూతురు చిహయ, "ఈసారి జెండా మా నాన్నే పట్టుకుంటాడు" అని క్లాసంతా చెప్పేసింది. ఎవరు చెప్పారే నీకు అని అడిగితే "నువ్వే" అంది. ఎప్పుడన్నాడో హ్యోసుకేకి గుర్తులేదు. అని ఉంటాడనడంలో మాత్రం అతనికి కూడా అనుమానం లేదు.

అందుకే శుక్రవారం పొద్దున్న నాచు షెడ్డులోకి అతను కాస్త ముందుగానే వచ్చి, అందరికీ వినపడే చోటు చూసుకుని కూర్చున్నాడు. బయట పెద్ద బానల్లో సముద్రపు నాచు ఉడుకుతోంది. లోపల తొమ్మిదిమంది గుట్ట చుట్టూ కూర్చుని ఉప్పు పట్టిన నాచుకి ఈనెలు తీస్తున్నారు. ఈ పనికి చేతులు చాలు, చెవులు ఖాళీ. హ్యోసుకేకి అంతకంటే మంచి రోజు దొరకదు. పైగా అక్కడ ఆదివారం ఎవరి మాట చెల్లుతుందో ఆ తోమె మామ్మ ఉంది. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, వాడ పెద్ద. మొదటిసారి కొడుకుని పంపబోతున్న సత్సుయే ఉంది. ఎదురింటికి ఆడుకోవడానికి పంపినా వాడి జేబులో రెండు రుమాళ్ళు పెట్టే తల్లి ఆమె. హ్యోసుకే భార్య మినెయో కూడా ఉంది. కానీ ఆమె మొగుడు నోరు తెరవగానే తల దించుకుని పని చేస్తుంది. పెళ్ళైన దగ్గర్నుంచి ఆ అలవాటు వల్లే షెడ్డులో అందరికంటే ఎక్కువ ఈనెలు ఆమే తీస్తోంది.

"నేనేదో గొప్పకి చెప్పట్లేదు గానీ," అన్నాడు హ్యోసుకే.

ఆ మాట వినగానే ఇద్దరు ఆడవాళ్ళు ఇంకో బుట్టెడు నాచు ముందు పోసుకున్నారు.

"జనవరి సెలవుల్లో పిల్లల్ని మూడు రోజులు ఒసాకా అంతా తిప్పానా, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు తప్పిపోలేదు."

"ఉన్నది ఇద్దరేగా," అన్నాడు ఇవాకిచి.

"ఇద్దరే, కాదన్లేదు. కానీ మా గెంతాకి నాలుగేళ్ళు. నాలుగేళ్ళవాడు ఒక్కడు నలుగురి పెట్టు. పైగా ఉమెదా స్టేషను కింద ఆ దారులు చూశావుగా. అక్కడ ముప్పై ఏళ్ళుగా ఉన్నవాళ్ళే పొద్దున్న టీకి బయటికొచ్చి సాయంత్రానికి వేరే జిల్లాలో తేలతారు. అలాంటి చోట నేనేం చేశాను? నాచు తాడు. మనం సముద్రంలో కట్టే తాడే, పది బారలు, ఇక్కణ్ణుంచే నడుముకి చుట్టుకెళ్ళాను. ఒక కొస నా చేతిలో, చిహయ ఒక ముడి పట్టుకుంది, గెంతా ఒక ముడి పట్టుకున్నాడు. పదండి అన్నాను. నడుస్తున్నాం. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

తోరిహమలో ఈ ప్రశ్నకి జవాబు చెప్పకూడదని అందరికీ తెలుసు. సత్సుయే వేరే ఊరి నుంచి వచ్చిన కోడలు.

"ఏమైంది?" అంది.

"వెనక్కి తిరిగి చూద్దును కదా, మూడో పిల్ల! గులాబీ రంగు బూట్లు, ముక్కు కారుతోంది. మీ అమ్మేదే అన్నాను. తెలీదంది. మరి నా తాడెందుకు పట్టుకున్నావే అంటే, 'గట్టిగా ఉంది' అంది. పాపం ఏం చేస్తాం, నడు అన్నాను. రెండు మలుపులు తిరిగేసరికి ఏడుగురు. మెట్లెక్కి పైకొచ్చేసరికి పదిహేడు. ఎవరి పిల్లలో, ఎక్కడెక్కడి నుంచో, వచ్చి తాడు పట్టుకుంటున్నారు, ఏడుపు మానేస్తున్నారు. రోడ్డు దాటేచోట పోలీసాయన ఎదురొచ్చాడు. సరే, అయిపోయింది, తీసుకెళ్ళి లోపలేస్తాడు అనుకున్నాను. ఆయనేమో టోపీ తీసి, 'అయ్యా, మా దగ్గర పొద్దున్నుంచి ఏడుస్తున్నవాళ్ళు తొమ్మిదిమంది ఉన్నారు, మీ తాడు మీద కాస్త చోటుంటుందా' అన్నాడు."

"ఉందా?" అన్నాడు ఇవాకిచి.

"సర్దుకోమన్నా."

మినెయో చేతుల వేగం కొంచెం పెరిగింది. ఆమె చేతుల్ని చూస్తూ కూర్చుంటే మొగుడి కథ ఎక్కడిదాకా వచ్చిందో చెవిటివాళ్ళకైనా తెలుస్తుంది.

"అరవైమూడు మందితో తాడైపోయింది. ఇంకా వస్తున్నారు. అవతల సందులోంచి వస్తున్నారు, వంతెన మీంచి వస్తున్నారు. ఏం చెయ్యాలి? అప్పుడు గుర్తొచ్చింది. సంచిలో మినెయో వాళ్ళ పిన్నికని తీసుకెళ్ళిన ఎండు నాచుంది, రెండు కిలోలు. ఎదురుగా ఫౌంటెన్. మొత్తం అందులో కుమ్మరించాను. మీకు నేను చెప్పక్కర్లేదు, మన నాచు సంగతి. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేలోపు ఫౌంటెన్లో నీళ్ళు లేవు! చుక్క లేదు. నాచు లేచి గట్టు దాటి, మెట్లు దిగి, రోడ్డున పడి పోతూనే ఉంది. పట్టుకోండ్రా అన్నాను. వెయ్యిన్ని రెండొందల నలభై మంది పిల్లలు. తల ఉమెదాలో, తోక నంబాలో. మధ్యలో నాలుగు కిలోమీటర్లు మన తోరిహమ నాచు. తెగిందా?"

ఇంతసేపూ ఎవరి నవ్వు వాళ్ళు దాచుకుంటున్నవాళ్ళు ఇక్కడ మాత్రం నడుములు నిటారు చేసి కూర్చున్నారు.

"తెగదు," అన్నాడు ఇవాకిచి. "అది మాత్రం నిజం."

"అదీ! సిగ్నల్ దగ్గర పచ్చలైటు వేసి నలభై నిమిషాలు ఆర్పలేదు. రైలు నడిపేవాళ్ళు బళ్ళాపి దిగి చూస్తున్నారు. జూ పక్కనుంచి వెళ్తుంటే ఏనుగుపిల్ల ఒకటి గోడ మీంచి తొండం చాపి తోక పట్టుకుంది. పోనీలే, అదీ పిల్లే కదా అని ఊరుకున్నా."

"దాని తల్లి?"

"తర్వాత వచ్చి దండం పెట్టి తీసుకెళ్ళింది. మధ్యాహ్నమైంది. పిల్లలకి ఆకలి. వెయ్యిమందికి ఏ హోటలువాడు పెడతాడు? కాలవ గట్టున దుకాణాలవాళ్ళంతా ఒక్కటై, కాలవలో చారుకి వేసే సోయా ముద్ద, మిసో, కలిపేశారు. నేను నాచు తోక అందులో ముంచాను. చారు! ఎవరి గిన్నెతో వాళ్ళు ముంచుకు తాగారు. ఆ కాలవ వారం రోజులు ఘుమఘుమలాడిందట. సాయంత్రానికి తల్లిదండ్రులొచ్చి ఎవరి పిల్లల్ని వాళ్ళు తీసుకెళ్ళారు. ఒక్కళ్ళు మిగల్లేదు, ఒక్కళ్ళు తగ్గలేదు. అప్పుడు నగరం పెద్దలు కోట్లు వేసుకుని పన్నెండుమంది వచ్చారు. 'హ్యోసుకేగారూ, మీరు ఇక్కడే ఉండిపోండి, ఇరవయ్యేడో అంతస్తులో ఇల్లిస్తాం, పిల్లలందరి బాధ్యతా మీదే' అన్నారు. నేనేమన్నానో తెలుసా?"

సత్సుయే చేతిలో నాచు అలాగే ఉండిపోయింది. "ఏమన్నావు?"

హ్యోసుకే గొంతు తగ్గించాడు. "'అయ్యా, మే నెలలో మా ఊళ్ళో పద్నాలుగు మంది ఉన్నారు. నేనిక్కడుంటే వాళ్ళనెవరు చూస్తారు' అన్నాను."

బయట బానలు ఉడుకుతున్న చప్పుడు. హ్యోసుకే తోమె మామ్మ వైపు ఓరగా చూశాడు. ఇక్కడే ఆపేద్దామా, ఆ పన్నెండుమందీ ఏడ్చారని కూడా చెబుదామా అని ఆలోచిస్తున్నాడు.

"మరైతే," అంది తోమె మామ్మ, తలెత్తకుండానే, "నాకు ఫోనెందుకొచ్చింది?"

"ఏ ఫోను మామ్మా?"

"జనవరిలో, శనివారం, మధ్యాహ్నం రెండింటికి. నేను ముల్లంగి ఆరబెడుతున్నాను. ఊరు దాటేటప్పుడు పిల్లల కోటు లోపల వాడ పెద్ద నెంబరు కుట్టి పంపడం మన పద్ధతేగా. ఇంటిల్లిపాదీ ప్రయాణమైతే ఇంటి ఫోను ఎవరెత్తుతారని. మీ మినెయో కుట్టింది, మంచి పని చేసింది. ఒసాకాలో ఏదో ఏడంతస్తుల షాపట. తప్పిపోయిన పిల్లలకని అందులో ఒక గదుందట. అక్కణ్ణుంచి ఒకమ్మాయి, 'మీ పిల్లలిద్దరు మా దగ్గరున్నారండీ' అంది. నా గుండె ఆగినంత పనైంది. అయ్యో, తప్పిపోయారా అన్నాను. 'లేదండీ, వాళ్ళు తప్పిపోలేదు. కంప్లైంటు ఇవ్వడానికొచ్చారు. వాళ్ళ నాన్న తప్పిపోయాడట' అంది."

సీజను మొదలయ్యాక ఆ షెడ్డులో అన్ని చేతులూ ఒకేసారి ఆగడం అదే మొదలు.

"వయసెంత అనడిగితే నలభై ఒకటి అందట చిహయ. గుర్తులు చెప్పమంటే, 'మాట్లాడుతుంటాడు' అందట. ఇంకేమైనా చెప్పమ్మా అంటే, 'ఎక్కడైనా ఒక మనిషి పని మానేసి నిలబడి వింటుంటే, అక్కడ చూడండి' అందట."

"దొరికాడా?" అన్నాడు ఇవాకిచి, నవ్వు ఆపుకుంటూ.

"దొరికాడని ఆ అమ్మాయే మళ్ళీ ఫోను చేసింది. ఐదో అంతస్తులో. కూరలు తరిగి చూపిస్తూ కత్తులమ్మేవాడు ఒకడుంటే, వాణ్ణి పట్టుకుని నాచుకి ఈనె ఎలా తియ్యాలో చెబుతున్నాడట. మైకులో మూడుసార్లు పేరు పెట్టి పిలిచారు, ఊరి పేరు కూడా చెప్పారు. మాటల్లో వినపడలేదు. మినెయో బూట్లు కొనే వరసలో ఉంది. ఆమె డబ్బులిచ్చి వచ్చేసరికి అందరూ దొరికేశారు. అప్పగించేటప్పుడు కాగితం మీద రాయాలటగా. తప్పిపోయినవారి పేరు, హ్యోసుకే. తీసుకెళ్ళేవారి సంతకం, చిహయ. రెండో తరగతి అక్షరాలైనా చక్కగా రాసిందండీ అని ఆ అమ్మాయి మెచ్చుకుంది."

ఆ తర్వాత షెడ్డులో వచ్చిన నవ్వు బయట బానల దగ్గరున్నవాళ్ళని కూడా లోపలికి లాక్కొచ్చింది. ఇవాకిచి మోకాలు పట్టుకుని నవ్వాడు. ఆపరేషను చేసిన మోకాలు కాదు, రెండోది. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి మనమూ వదిలేద్దాం. మినెయో ముఖం తలగుడ్డ కొసలో దాచుకుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

హ్యోసుకే చెవులు ఎర్రబడ్డాయి. జెండా పోయింది, అది అతనికి తెలుస్తూనే ఉంది. కానీ అతను ఆలోచిస్తున్నది జెండా గురించి కాదు, సోమవారం చిహయ క్లాసులో ఏమని చెప్పుకుంటుందా అని.

నవ్వనిది సత్సుయే ఒక్కతే. "అన్నయ్యా," అంది, "అలా ఆ గదికి వెళ్ళాలని చిహయకి ఎవరు చెప్పారు?"

"నేనే. బస్సులో."

"ఏమని?"

"నేను కనపడకపోతే ఏడవొద్దు, అటూ ఇటూ తిరగొద్దు, తమ్ముడి చెయ్యి వదలొద్దు. యూనిఫాం వేసుకున్నవాళ్ళ దగ్గరికెళ్ళి, మా నాన్న తప్పిపోయాడని చెప్పు అన్నాను. మీరు కాదు, నేను." హ్యోసుకే కింద పడిన ఈనె ఒకటి తీసి చూసి మళ్ళీ కింద పెట్టాడు. "తప్పిపోయామనుకుంటే పిల్లలు భయపడతారమ్మా. నాన్నని వెతుకుతున్నామనుకుంటే భయపడరు."

"ఎన్నిసార్లు చెప్పావు?" అంది తోమె మామ్మ.

"ఇరవై..." అని, మినెయో వైపు చూసి, "మూడు," అన్నాడు.

మినెయో తలూపింది. మూడే.

హ్యోసుకే జీవితంలో అంత చిన్న కథ చెప్పడం ఎవరూ వినలేదు. అందులోంచి ఎంత తీసేయాలో తెలియక అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇవాకిచి ఆరేళ్ళు జెండా పట్టుకున్నాడు గానీ, పిల్లలకి ఈ మాట చెప్పాలని అతనికి ఎన్నడూ తోచలేదు. ఒక ఏడు ఒకణ్ణి గంటన్నర వెతికాడు కూడా. వాడు దొరికేసరికి వాడికి గొంతు లేదు, ఏడ్చి ఏడ్చి.

"మా తోకుమాకి కూడా ఇలాగే చెప్పు," అంది సత్సుయే. "బస్సెక్కే ముందే చెప్పు. మూడుసార్లు."

అంతే, హ్యోసుకే వెన్ను దానంతటదే నిటారైంది. "చూశావా మామ్మా! మొదట్నుంచీ నేను చెబుతున్నది అదేగా. ఒసాకాలో ఒక్క పిల్ల తప్పిపోలేదు. ఏనుగుపిల్లతో సహా!"

తోమె మామ్మ ఇంకో రెమ్మ అందుకుని, ఒక్క లాగుతో చివరిదాకా ఈనె తీసింది.

"ఆదివారం నీ పేరే చెబుతాను. జెండా నువ్వే పట్టుకో."

"నాకు తెలుసు మామ్మా, పదిమందిని ముందుండి నడిపించాలంటే..."

"బాగా ఎత్తి పట్టుకో," అంది తోమె మామ్మ. "పిల్లలు నిన్ను వెతుక్కోవాలి."