మీ అబ్బాయి చెప్పిన శుభవార్త

ఇలా ఇవ్వండత్తయ్యా ఆ బకెట్టు. నేను మోస్తాను. అబ్బా, ఏం కాదండీ! నిన్నటిదాకా తడిబట్టల బకెట్లన్నీ మేడమీదికి మోసింది నేనేగా, ఇవాళ కొత్తగా నాకేమొచ్చిందని?

వద్దు, అలా నవ్వకండి. మీరు నన్ను చూసి నవ్వుతుంటే నాకు ఒళ్ళు చచ్చిపోతోంది. పాలు కూడా వద్దు, అక్కడ పెట్టేయండి. ముందు మీరు కూర్చోండి. ఆ స్టూలు మీద కాదు, మంచం మీద. తలుపు నేను వేస్తాను.

పొద్దున మీ అబ్బాయి బాల్కనీలో ఫోను మాట్లాడుతుంటే విన్నారు కదూ? "మా ఆవిడ నెల తప్పిందండీ" అన్న మాట చెవిన పడింది. ఇక మీ కాలు నేల మీద నిలిచిందా? నేను బయల్దేరుతుంటే "మెట్లు మెల్లగా దిగమ్మా" అన్నారు. అమ్మా అని! నేనేమో, ఇన్నాళ్ళకి మా అత్తగారు మెత్తబడ్డారు, ఇంటర్వ్యూకి చల్లగా వెళ్ళి రమ్మంటున్నారు అనుకుని, గాల్లో తేలుతూ వెళ్ళాను. మీరేమో నేను డాక్టరు దగ్గరికి వెళ్తున్నాననుకున్నారు. అంతేగా?

తిరిగొచ్చేసరికి సోఫా మీద పసుపు ఊలు, సగం అల్లిన ఇంత చిన్న టోపీ. అది చూశాకే తెలిసింది, మీరు కూడా విన్నారని.

లేదత్తయ్యా.

నేను నెల తప్పలేదు. ఏమీ లేదు. మీ అబ్బాయి చెప్పింది అబద్ధం.

అలా చూడకండి నన్ను. ఆయన ఎవరికి చెప్పారనుకున్నారు? నేను ఉద్యోగానికి వెళ్ళాల్సిన బట్టల కంపెనీ వాళ్ళకి. నేను రాకుండా. నన్ను వాళ్ళు పిలవకుండా.

ఆగండి, మొదట్నుంచీ చెప్తాను. మీకు మోడల్ అనగానే గోడల మీద బొమ్మలే గుర్తొస్తాయి. ఇది అది కాదని ఎన్నిసార్లు చెప్పినా మీరు వినలేదు. కోటో గౌనో కొత్తగా ఒకటి కుట్టి చూస్తారు కదా, దాన్ని ఊరందరికీ కుట్టేముందు ఒక మనిషికి తొడుగుతారు. చంక దగ్గర పట్టేస్తోందా, వంగితే వీపు మీద లాగుతోందా, కూర్చుంటే నడుం దగ్గర ముడతలు పడుతున్నాయా, ఆ మనిషి చెప్పాలి. చెప్తూ గంటల తరబడి గుండుసూదుల మధ్య నిలబడాలి. అంతే. మొహంతో పనే లేదు. ఒంటి కొలతలు ఉండాల్సినట్టు ఉంటే చాలు.

ఆ ఉద్యోగం ఉందని నాకు చెప్పిందెవరు? మీ అబ్బాయే. వాళ్ళ లేబుళ్ళు అచ్చయ్యేది ఈయన ప్రెస్సులోనేగా. ఒకరోజు వచ్చి, "ఏమోయ్, వాళ్ళడిగిన కొలతలు చూస్తే నిన్ను చూసి అచ్చేసినట్టున్నాయి" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నా. ఆయన ఊరుకోలేదు. టేపు తెచ్చి ఆయనే కొలిచారు. హాల్లో క్యాలెండరు తీసి, మేకు కూడా పీకి, ఆ తెల్లగోడకి నన్ను ఆనించి ఆయనే ఫోటోలు తీశారు. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి. వెనకనుంచి తీస్తూ "ఈ మనిషిని ఎక్కడో చూసినట్టుందే" అంటారు! మీరు వంటింట్లోంచి "ఏంటా ఇకఇకలు" అని కేకేశారు, గుర్తుందా?

సాయంత్రం ఆయన ఎప్పుడొస్తారా అని ఎదురుచూసేదాన్ని. కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఆఫీసరులా కూర్చునేవారు. "ఆ చెయ్యెత్తండి. ఎక్కడ పట్టేస్తోంది?" "చంకలో సార్." "చంక అనకూడదమ్మా, ఆర్మ్‌హోల్ అనాలి, ఇంటి పరువు తీసేట్టున్నావే!" పెన్సిలు మొద్దుకొసతో నడుం మీద పొడిచేవారు, గుండుసూది అనుకుని కదలకుండా నిలబడమని. నేను మెలికలు తిరిగిపోయేదాన్ని. ఎత్తుమడమల చెప్పులేసుకుని వరండా ఈ కొస నుంచి ఆ కొసకి నడిస్తే, టకటకలతో మీ నిద్ర పాడవుతోందని మీరు తిట్టిపోశారు. "కాపురం చేసుకునే ఆడది ఊళ్ళోవాళ్ళ చేత ఒళ్ళు కొలిపించుకోవడమేంటి, సిగ్గులేదూ" అన్నారు.

అన్నారుగా? ఆ రాత్రి మిమ్మల్ని ఎంత తిట్టుకున్నానో. కానీ మీరు నా మొహం మీదే అన్నారత్తయ్యా. నా ఎదురుగా నిలబడి అన్నారు.

అప్పుడాయన ఏమన్నారు? "అమ్మ మాటలు పట్టించుకోకు, నేనున్నాగా."

ఉన్నారు! భలే ఉన్నారు.

ఎలా చెప్పను మీకు. కడుపులోనే ఆ బిడ్డ పోయిన దగ్గర్నుంచీ నేను అద్దంలో నిండుగా చూసుకున్నది లేదు. బొట్టు వరకే చూసుకుని మొహం తిప్పేసుకునేదాన్ని. ఎందుకూ పనికిరాని ఒళ్ళు అనిపించేది. అలాంటిది ఈ ఒళ్ళే కావాలని ఎవరో అడుగుతున్నారంటే! ఆ గోడ దగ్గర నిలబడి చాన్నాళ్ళకి నన్ను నేను పూర్తిగా చూసుకున్నాను. ఆయనా చూశారు. ఉద్యోగం రాకపోతే మానె, ఈ సాయంత్రాలు చాలు అనిపించేది ఒక్కోసారి.

సరే, ఇవాళ వెళ్ళాను. వాళ్ళు చెప్పినట్టే ఒంటికి అతుక్కునే నల్ల బట్టలు, జుట్టు ముడి, మొహానికి పౌడరు కూడా లేదు. ముందు గదిలో నాలాంటివాళ్ళే కొంతమంది, అందరం ఒకే అచ్చులో పోసినట్టు. బల్ల దగ్గరున్న అమ్మాయికి పేరు చెప్పాను. ఆ పిల్ల మొహం విప్పారింది.

"అయ్యో, మీరెందుకు శ్రమపడి వచ్చారండీ? మీవారు పొద్దునే ఫోన్ చేసి చెప్పారుగా. కంగ్రాట్స్ అండీ!"

దేనికండీ, అన్నాను.

ఆ పిల్ల నా పొట్టకేసి చూసి సిగ్గుపడింది.

పక్కనున్నావిడ గబగబా లేచి నాకు కుర్చీ ఇచ్చింది. ఇంకొకావిడ "ఎన్నో నెల?" అంది. మంచినీళ్ళు తెచ్చిచ్చారు, తాగాను. ఏం చెయ్యను మరి?

బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడి ఆయనకి ఫోన్ చేశాను. పొరపాటు అంటారేమో, ఇంకెవరి గురించో చెప్తే వాళ్ళు నా గురించనుకున్నారంటారేమో అని ఎంత ఆశపడ్డానో! లేదు. వెనక మిషన్ల చప్పుడు. ఆ చప్పుడులోనే అన్నారు, "నువ్వు అక్కడిదాకా వెళ్తావనుకోలేదు. వెళ్ళేలోపు వాళ్ళే ఫోన్ చేసి వద్దంటారనుకున్నా."

మరి ఇన్నాళ్ళూ నన్ను నడిపించిందేంటండీ, పొడిచిందేంటండీ అన్నాను.

"సరదా పడుతున్నావు కదాని. నిన్ను వాళ్ళు పిలుస్తారని నేనేమైనా కలగన్నానా?"

చూశారా? పిలవరని నమ్మకం! ఆ నమ్మకంతోనే అంత బాగా సాయం చేశారు. పిల్లకి బొమ్మ కొనిచ్చినట్టు. పిలిచేసరికి, కటింగ్ మాస్టర్లు మగవాళ్ళు కూడా ఉంటారని ఎవరో చెప్పేసరికి, గుండెల్లో రాయి పడింది. వద్దు అని నాకు చెప్పొచ్చుగా? మీలా చెప్పొచ్చుగా? "నువ్వు బాధపడతావని చెప్పలేదు" అట!

జ్వరం అనొచ్చు. కాలు విరిగిందనొచ్చు. అబద్ధాలకేం కరువు? ఈ ఒక్క అబద్ధమే దొరికిందా ఆయనకి?

నేను తిరిగి లోపలికి వెళ్ళాను. అవును, వెళ్ళాను. మావారు చెప్పింది నిజం కాదన్నాను. మెడలో టేపు వేసుకున్న పెద్దావిడ ఒకావిడ, కటింగ్ మేడమ్ అంటున్నారు అందరూ, నన్ను లోపలి గదికి తీసుకెళ్ళింది. కొలిచింది. అన్నీ సరిపోయాయి. కోటు తొడిగింది. ఎడమ భుజం వెనక్కి లాగుతోందండీ అన్నాను. విప్పి చూస్తే నిజంగానే ఆ కుట్టు పక్కకి పోయి ఉంది. ఆవిడకి నేను నచ్చాను, కళ్ళల్లోనే తెలుస్తోంది. కానీ టేపు చుట్టి పెట్టేసి అంది, "చూడమ్మా, ఇవాళ కాకపోతే రేపు నెల తప్పుతావు. అంగుళం మారితే మా నమూనాలన్నీ చెడతాయి. మీ ఆయనే అలా ఫోన్ చేశాడంటే, ఇంట్లో ఆ ఆలోచన ఉన్నట్టేగా. ఎలా తీసుకోను నిన్ను?"

అప్పుడు చెప్పానత్తయ్యా.

మీకు చెప్పనిది ఆవిడకి చెప్పాను. ముక్కూమొహం తెలియని మనిషికి, గుండుసూదుల డబ్బా పక్కన నిలబడి చెప్పాను. ఆ బిడ్డ పోయినప్పుడే డాక్టరు తేల్చి చెప్పేసింది, నాకిక కడుపు పండదని. ఆయనకి తెలుసు. ఆ గదిలో నా పక్కనే కూర్చుని విన్నారు. "అమ్మ తట్టుకోలేదు, చెప్పొద్దు" అని నా చేత ఒట్టు వేయించుకున్నదీ ఆయనే. మీరు అడిగినప్పుడల్లా తల దించుకుని మాటలు పడ్డాను నేను. తెలిసీ ఆ మాటే వాడారు. లేని బిడ్డని తీసుకెళ్ళి నాకు అడ్డం పెట్టారు.

కటింగ్ మేడమ్ చుట్టి పెట్టిన టేపు మళ్ళీ మెడలో వేసుకుంది. తర్వాత సోమవారం నుంచి రమ్మంది.

వచ్చింది ఉద్యోగం. నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి. నాకు బిడ్డ పుట్టదని ఒప్పించి తెచ్చుకున్న ఉద్యోగం!

ఏడవకండత్తయ్యా. ఇలా చూడండి. మీ మీద నాకు కోపం లేదు. మిమ్మల్నీ మోసం చేశారు, మీ పేరే అడ్డం పెట్టుకుని.

ఇంకొకటుంది. ఇది ఆయనకి చెప్పను, మీకే చెప్తున్నా. ఆ పిల్ల కంగ్రాట్స్ అన్నదే, అప్పుడు... ఒక్క క్షణం నేను నమ్మేశాను. డాక్టరు పొరపాటు పడిందేమో, నాకంటే ముందు ఆయనకెలాగో తెలిసిందేమో అనుకున్నాను. పిచ్చిదానిలా పొట్ట మీద చెయ్యి వేసుకున్నాను. ఎంత సంతోషమేసిందో తెలుసా? ఒళ్ళంతా వెచ్చబడిపోయింది. ఆ క్షణం తర్వాత గానీ నాకు ఏడుపు రాలేదు.

ఉద్యోగం చెడగొట్టబోయారు, పోనీ. అబద్ధమాడారు, అదీ పోనీ. ఆ క్షణం ఒకటి నా చేతికిచ్చి లాక్కున్నారే, దానికి మాత్రం ఆయన్ని ఏం చెయ్యాలో నాకు తెలియటం లేదు.

అదిగో, తాళం తిప్పుతున్నారు. కళ్ళు తుడుచుకోండి. అన్నం ఆయన్నే వడ్డించుకోమనండి, నేను పడుకుంటాను.