బండికి చెప్పకుండా మార్చిన బ్యాటరీ

నా ఈ వీడ్కోలు సభకి అధ్యక్షత వహిస్తున్న మా డ్రైవింగ్ స్కూలు మాస్టారు గారికీ, ఆయన పక్కన కూర్చుని నేనెంతసేపు మాట్లాడతానో అని ఇప్పుడే గడియారం చూసుకున్న మా వర్క్‌షాపు యజమాని గారికీ, ముందు వరసలో ఉన్న పెద్దలకీ, వెనక వరసలో ఫ్యాను కింద చోటు దొరికించుకున్న మా మెకానిక్కులకీ, పెయింటు సెక్షను వాళ్ళకీ, ఇన్నేళ్ళుగా తాళాలు నా చేతిలో పెట్టి నిశ్చింతగా వెళ్ళిపోయిన కస్టమర్లకీ, మూడో వరసలోంచి 'కాలరు సరిచేసుకోండి' అని సైగ చేస్తున్న మా ఆవిడకీ, అందరికీ నమస్కారం. (నవ్వులు)

మాస్టారు గారు ఇందాక నన్ను ఆకాశానికెత్తేశారు. అంత ఎత్తు నాకు అలవాటు లేదండీ, కళ్ళు తిరుగుతున్నాయి. ఆయనకి నేను కూడా కృతజ్ఞతలు చెప్పుకోవాలి. ఈ ఊళ్ళో సగం మందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఆయనే, ఆ సగం మందే సొట్టలు తీసే మా డెంటింగు సెక్షనుకి ఏనాడూ పని లేకుండా చెయ్యలేదు. (నవ్వులు) కోప్పడకండి మాస్టారూ, ఈ మైకు మళ్ళీ నా చేతికి రాదు.

ముప్పై నాలుగేళ్ళ క్రితం మా యజమాని గారి నాన్నగారు నన్ను పనిలో పెట్టుకున్నారు. అప్పటికి ఈ చిన్నయ్యగారు స్కూలు బ్యాగు తగిలించుకుని వచ్చి, హారన్లు నొక్కి పారిపోయేవారు. ఆ హారన్ల వైర్లు బాగుచేస్తూ చేస్తూనే నేను ఎలక్ట్రీషియన్నయ్యాను. పెద్దాయన పోయాక కూడా ఈయన నన్ను 'బాబాయ్' అనడం మానలేదు. ఆయన్ని చూసి షాపంతా అనడం మొదలుపెట్టింది, చివరికి బ్యాటరీ బాబాయంటే తప్ప నా అసలు పేరు మా ఆవిడక్కూడా గుర్తు లేనట్టుంది.

ఆ పేరు ఊరికే రాలేదండీ. బ్యాటరీ మార్చడంలో నాకో పద్ధతి ఉండేది. పది నంబరు స్పానరు తీసుకుని ముందు నల్ల వైరు, తర్వాత ఎర్ర వైరు, ఎవరైనా అలాగే విప్పుతారు. కానీ నేను విప్పే ముందు ఓ చిన్న బ్యాటరీ తెచ్చి పక్కనుంచి రెండు వైర్లతో తగిలించేవాణ్ణి. బండికి కరెంటు ఒక్క క్షణం కూడా పోయేది కాదు. రేడియోలో స్టేషన్లు, గడియారంలో టైము, కస్టమరుగారు సీటు ఎంత వెనక్కి జరుపుకున్నారో ఆ కొలత, ఏదీ చెరిగేది కాదు. కస్టమరు వచ్చి తాళం తిప్పితే ఏమీ జరగనట్టే ఉండేది. 'మార్చినట్టు బండికి కూడా తెలీదండీ' అని కాలరెగరేసి చెప్పేవాణ్ణి. ఈ ఒక్క మాట మీద నేను పాతికేళ్ళు బతికాను.

తర్వాత కొత్త రకం బళ్ళొచ్చాయి. మొదటిది వచ్చిన రోజు బానెట్ తెరిచి చూస్తే బ్యాటరీ లేదు! కస్టమరుతో 'ఎవరో ఎత్తుకుపోయారండీ, పోలీసులకి చెప్పండి' అన్నాను. (నవ్వులు) వెనక డిక్కీలో, స్టెప్నీ పక్కన, అట్ట కింద దాక్కుని ఉంది. నవ్వుతున్నారు గానీ, ఆ రోజు నాకు భయమేసింది. నా వస్తువు నా కంటికే కనపడకపోతే ఇక నేనెందుకు అనిపించింది.

ఆ భయం తీర్చింది మా స్కానరమ్మాయి. అదిగో, ఐదో వరసలో గోడ వారగా కూర్చుని నా వైపు చూడకుండా ఫోను చూస్తోంది. పదేళ్ళ క్రితం పనిలో చేరింది. 'ఆడపిల్ల బండి కింద దూరుతుందా' అని ఇక్కడున్న కొందరు పెద్దమనుషులే నన్ను దెప్పారు. నేనా పిల్లకి స్పానరిచ్చి నా పక్కన నిలబెట్టుకున్నాను. ఏడాది తిరిగేసరికి నాకు తెలిసిందంతా నేర్చుకుంది. తర్వాత నాకు తెలియనిది కంప్యూటర్లో నేర్చుకుని వచ్చి నాకు చెప్పింది.

ఏం చెప్పిందంటే... సభలో అందరికీ తెలియాలి కాబట్టి కాస్త విడమరిచి చెబుతాను. ఈ కొత్త బళ్ళలో ఓ కంప్యూటరుంటుంది. బ్యాటరీ వయసెంతో, ఒంట్లో సత్తువెంతో అది కనిపెట్టుకుని ఉంటుంది. ముసలిదైపోతోంది అనుకుంటే దానికి తగ్గట్టు కాస్త గట్టిగా చార్జింగ్ పెడుతుంది. కొత్తది బిగించాక మనం స్టీరింగు కింద, ఆ కంప్యూటరుతో మాట్లాడే స్కానరు మిషను తగిలించి, 'అమ్మా, పాతది పోయింది, ఇదిగో కొత్తది, ఇది ఫలానా రకం, దీని కెపాసిటీ ఇంత' అని నమోదు చెయ్యాలి. చెయ్యకపోతే దానికి తెలీదు. కొత్త బ్యాటరీకి కూడా ముసలిదానికి పెట్టినట్టే పెడుతుంది, కడుపు నిండినవాడి విస్తట్లో ఇంకా ఇంకా వడ్డించినట్టు. నాలుగేళ్ళు రావలసింది నాలుగు నెలలకే పడిపోవచ్చు. అంటే చూశారా, బండికి తెలియకుండా మార్చడం నా గొప్పయితే, బండికి చెప్పి మార్చడం ఇప్పటి పని. నాకిది మింగుడుపడలేదు.

మా షాపులో ఓ పద్ధతుంది. బ్యాటరీ నేను బిగిస్తాను, నమోదు ఆ అమ్మాయి చేస్తుంది, చేసిన పని రాసే జాబు కార్డు మీద సంతకం కూడా తనదే. మూడేళ్ళ క్రితం ఓ రోజు, ఇళ్ళకి వెళ్ళి మంచాన పడ్డవాళ్ళకి కట్లు కట్టి సూదిమందు వేసే నర్సమ్మగారి కొత్త రకం బండి వచ్చింది. నర్సమ్మగారూ, పిలవగానే వచ్చారు, సంతోషం. ఆ రోజు మీ వెనక ఇంకో నాలుగు బళ్ళున్నాయి. నేను నా పద్ధతిలో చకచకా మార్చేసి, స్కానరమ్మాయి ముందు కార్డు పడేసి, 'సంతకం పెట్టెయ్' అన్నాను. 'ఇంకా నమోదు చెయ్యలేదు కదా బాబాయ్, రెండు నిమిషాలు' అంది. 'నువ్వు పుట్టక ముందు నుంచీ మారుస్తున్నానే, నాకా నువ్వు చెప్పేది? పెట్టు' అన్నాను. అందరి ముందూ అన్నాను. పెట్టింది.

మంచినీళ్ళు కాస్త ఇలా ఇవ్వండి.

ఐదు నెలల తర్వాత ఓ పొద్దున, జోరున వాన కురుస్తుంటే, నర్సమ్మగారి బండి నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఆవిడ వెళ్ళవలసిన ఇంట్లో ఒకాయన ఆపరేషనయి, నొప్పి మందు కోసం ఎదురుచూస్తున్నారు. రెండు గంటలండీ. ఆయన మంచం కోడు పట్టుకుని అరుస్తున్నారని వాళ్ళమ్మాయి ఫోను మీద ఫోను. ఆయన తర్వాత కోలుకున్నారు, ఇప్పుడు తిరుగుతున్నారు. కానీ ఆ రెండు గంటలు ఎవరం తిరిగి ఇవ్వగలం?

బండిని షాపుకి లాక్కొచ్చారు. స్కానరమ్మాయి స్కానరు తగిలించి చూసింది. బ్యాటరీ చివరిసారి ఎప్పుడు నమోదయిందో ఆ తేదీ వచ్చింది. బండి కంపెనీలో తయారైన నాటి తేదీ! అంటే మేం వేసిన కొత్త బ్యాటరీ సంగతి బండికి తెలియనే తెలీదు. నేను పక్కనే ఉన్నాను. ఆ పిల్ల ఒకసారి నా మొహం చూసింది. యజమాని గారు అడుగుల చప్పుడు చేసుకుంటూ వస్తున్నారు. ఆయన వచ్చేలోపు స్క్రీను ఆపేసి, 'నేనే మర్చిపోయానండీ' అంది.

నేనేం చేశానో అడగండి. చేతిలో ఉన్న గుడ్డతో, అప్పటికే శుభ్రంగా ఉన్న టెర్మినల్ తుడిచాను. అంతే.

కార్డు మీద సంతకం ఉంది, తనే ఒప్పుకుంది, యజమాని గారు మాత్రం ఏం చేస్తారు? ఆ పిల్ల ఫైల్లో తప్పు చేసిందని ఒక కాగితం పడింది. ఆ పిల్లని స్కానరు దగ్గర్నుంచి లేపి ఏడాది పాటు కౌంటర్లో తాళాలిచ్చే పనిలో కూర్చోబెట్టారు. బండి చప్పుడు వింటే చాలు జబ్బు చెప్పగల మనిషి, గొలుసులకి నంబరు బిళ్ళలు తగిలిస్తూ కూర్చుంది. ఓసారి ఎవరూ లేనప్పుడు వెళ్ళి, 'ఎందుకే అలా చెప్పావు' అని అడిగాను. 'మీరు నాకు స్పానరిచ్చిన రోజు మీకు పడిన మాటలు నేనూ విన్నాను బాబాయ్' అంది. 'మర్చిపోయాను' అన్న ఆ అబద్ధంతో నేను బతికిపోయాను, తను ఇరుక్కుపోయింది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే రెండున్నరేళ్ళు గడిపేశాను. ఈలోగా నమోదు చెయ్యడం నాకు ఆ పిల్లే నేర్పింది, ఎత్తిపొడుపు మాట ఒక్కటి కూడా లేకుండా.

(హాల్లోంచి స్త్రీ గొంతు: "బాబాయ్, ఇప్పుడెందుకివన్నీ? కూర్చోండి.")

కూర్చోనమ్మా. ఇన్నాళ్ళూ కూర్చునే ఉన్నాను.

ఎందుకంటే, మొన్న నోటీసు బోర్డు మీద చూశాను. నా తర్వాత ఎలక్ట్రికల్ సెక్షనుకి హెడ్డుగా బయటినుంచి ఒకాయన్ని తెస్తున్నారట. ఈ అమ్మాయి ఉండగా ఎందుకండీ అని ఆఫీసులో అడిగితే, 'ఆమె ఫైల్లో ఒక కాగితం ఉంది బాబాయ్' అన్నారు. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని కంచం పక్కకి జరిపేశాను. మా ఆవిడకి అప్పుడు చెప్పాను, మొదటిసారి. ఆవిడ నన్ను తిట్టలేదు. 'మీ సన్మానం రోజు అందరూ వస్తారుగా, అందరి ముందూ చెప్పండి. మీరు ఆ పిల్లని అన్నది కూడా అందరి ముందే కదా' అంది. అంతే, కంచం తీసేసింది.

యజమాని గారూ, ఇదుగో, నా చేత్తో రాసుకొచ్చాను. ఫలానా రోజు ఫలానా బండికి నమోదు చెయ్యనివ్వకుండా ఆపింది నేను, సంతకం పెట్టించింది నేను, తర్వాత నోరు మూసుకున్నదీ నేనే. ఆ ఫైల్లో ఉన్న కాగితం తీసి దీన్ని నా ఫైల్లో పెట్టండి. దయచేసి ఇప్పుడే చదవండి. మీరు చదివేదాకా నేనిలాగే నిలబడతాను. ఈ దండ బరువుగానే ఉంది గానీ, పర్వాలేదు.

(యజమాని చదువుతున్నారు. ఆయన లేచి వక్త చెవిలో ఏదో చెప్పారు.)

ఆయన ఏమన్నారో చెప్పేస్తానండీ, దాచుకోవడం ఇక నావల్ల కాదు. 'ఇది ఆనాడే చెప్పి ఉంటే నిన్ను ఒక్క మాట అనేవాణ్ణి కాదు బాబాయ్' అన్నారు.

(ఐదో వరస వైపు తిరిగి)

విన్నావా అమ్మా? ఒక్క మాట కూడా అనేవారు కాదట. ఏమీ లేనిదానికి భయపడి నేను నిన్ను ఏడాది కౌంటర్లో కూర్చోబెట్టాను. నాకు ఇంతకంటే పెద్ద శిక్ష ఎవరూ వెయ్యక్కర్లేదు. నన్ను క్షమించు. ఈ మాట నేను నీకు విడిగా వందసార్లు చెప్పుకున్నా చాలదని ఇంతమందిలో చెబుతున్నాను. నర్సమ్మగారూ, మీరూ, మీ ద్వారా ఆ పెద్దమనిషీ నన్ను మన్నించాలి.

పిలిచిన వాళ్ళకీ, వచ్చిన వాళ్ళకీ, ఇంతసేపూ ఓపిగ్గా కూర్చున్న వాళ్ళకీ, ఇంట్లో నాకు దారి చూపించిన మా ఆవిడకీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇప్పుడు చప్పట్లు కొట్టకండి, నేను దిగాక కొట్టండి. మిగతా మాట యజమాని గారు మైకులో చెబుతారట. సెక్షను గురించి. అది నేను చెప్పవలసింది కాదు కాబట్టి మైకు ఆయనకిస్తున్నాను. నువ్వు లేచి ముందుకి రా తల్లీ, ఇక్కడ నా కుర్చీ ఖాళీగా ఉంది. నాకిక సెలవు.