పేరు పలక

కొండకోటలో వంటసాల వెనక వసారా. అత్త ఒతోరా, ఆమె పెద్ద కొడుకు మగొబే, చిన్న కోడలు ఒసెన్. వాళ్ళ మధ్య పీట మీద, పొద్దుటి యుద్ధంలో తెగిన ఒక తల.

“ఎంతసేపు కడుగుతావమ్మాయ్? ముఖం చూశావుగా. ఎవరో చెప్పు.”

“నెత్తురు గడ్డకట్టింది బావగారూ. అత్తయ్యా, ఇంకో చెంబుడు వేణ్ణీళ్ళు పోస్తారా?”

“ఇదిగో. ఒరేయ్ మగొబే, దాన్ని కంగారు పెట్టకు. పొద్దున్నుంచి ఇది పదకొండో తల.”

“కంగారు కాదమ్మా! ఢంకా మోగేలోపు దీనికి పేరు పలక కట్టాలి. పేరు లేని తలని ప్రభువు ముందుకి రానివ్వరు. గోతిలో పారేస్తారు. నేను పడ్డ కష్టమంతా ఆ గోతిలోకే!”

“తోచిన పేరేదో కట్టెయ్యండి బావగారూ.”

“కడితే? తప్పని తేలితే నా కడుపు నేనే కోసుకోవాలి. అందుకేగా నీ దగ్గరికి తెచ్చింది. కనయ లోయ వాళ్ళ ముఖాలు తెలిసినదానివి ఈ కోటలో నువ్వొక్కదానివే. నీ పుట్టిల్లు అది.”

“ఆయనే చెప్పుండాలే. కత్తి దూసేముందు పేరూ, తండ్రి పేరూ చెప్పుకుంటారుగా.”

“చెప్పబోయాడు.”

“చెప్పబోతే?”

“‘నేను కనయ లోయ’ అన్నాడు. అంతవరకే వినపడింది.”

“వినపడలేదా? విననివ్వలేదా?”

“చూశావా అమ్మా, దీని నోరు!”

“దాని నోటికేం గానీ, వాణ్ణి పేరు చెప్పనివ్వలేదురా నువ్వు?”

“ఇనుపటోపీ తీశాడమ్మా, పేరు చెప్పడానికి. తలొంచి దణ్ణం కూడా పెట్టాడు. మెడ కనపడింది. కొట్టేశాను. ఎవరూ చూళ్ళేదులే.”

“మా లోయలో అలాగే తీస్తారు బావగారూ. ముఖం చూపించకుండా పేరు చెప్పడం మర్యాద కాదని.”

“మర్యాద! మొన్న వాగు దగ్గర మీవాళ్ళు నా తమ్ముణ్ణి ఏ మర్యాదతో పొడిచారు? వాడు నీ మొగుడే కదా, మర్చిపోయావా?”

“మర్చిపోలేదు.”

“మరి ఆ తలమీద అంత జాలి దేనికి? కడిగిన చెంపే మళ్ళీ మళ్ళీ కడుగుతున్నావ్!”

“నీళ్ళు చల్లారిపోయాయి.”

“ఇప్పుడేగా పోశాను, పొగలొస్తుంటేనూ! ఒసెన్, ఇటు చూడవే. నీకు ఒంట్లో బాగానే ఉందా?”

“బాగానే ఉంది అత్తయ్యా. కళ్ళు మూతపడటం లేదు, అంతే. పైకే చూస్తున్నాయి.”

“అయ్యో, అపశకునం! అలా పైకి చూసే తల తెచ్చినవాడి ఇంటికే చేటంటారు. మూసెయ్, గట్టిగా నొక్కు!”

“మూస్తున్నా. మళ్ళీ తెరుచుకుంటున్నాయి.”

“కళ్ళ సంగతి తర్వాత! పేరు. విను ఒసెన్, మంచిగా అడుగుతున్నా. ఇనుపటోపీకి వెండి అంచుంది. మామూలువాడు కాదు. తెలిసీ చెప్పడం లేదని నేను పైకి ఒక్క మాట అన్నాననుకో, సాయంత్రానికల్లా నిన్ను గూఢచారివంటారు. నేనే అంటాను.”

“మగొబే! ఇంటి కోడల్రా అది!”

“శత్రువుల పిల్లమ్మా అది. సంధి కోసం తెచ్చుకున్నాం. ఆ సంధి ఎప్పుడో చచ్చింది.”

“...షికిబు.”

“ఏంటీ?”

“హినాత షికిబు గారు.”

“హినాత... వాళ్ళ సేనాపతా? నిజంగా?”

“పాతికేళ్ళే ఉంటాయి. వాళ్ళ నాన్నగారు పోయాక సైన్యం ఆయన చేతికొచ్చింది. బయటికొస్తే ముఖానికి ఇనుప ముసుగుంటుంది. అందుకే మీరెవరూ చూళ్ళేదు.”

“అమ్మా! విన్నావా? షికిబు! నా కత్తికి! అమ్మాయ్, ఒట్టు?”

“ఒట్టెందుకు బావగారూ? పలక ఇలా ఇవ్వండి, నేనే రాస్తాను. నా చేతిరాత ఉంటే మీకు ఇంకా మంచిది. ఆ లోయ పిల్లే గుర్తుపట్టిందంటారు.”

“అదీ మాటంటే! అమ్మా, చూశావా, ఊరికే బెదిరించాను గానీ ఎంత మంచిదో.”

“ఉండండి. సేనాపతి పళ్ళు ఇలా తెల్లగా ఉంటాయా? పెద్దింటివాళ్ళు నల్లరంగు వేసుకుంటారు. యుద్ధం నాలుగు రోజులు నడిచింది, రంగు పోయుంటుంది. వేసేస్తాను. అత్తయ్యా, ఆ గిన్నె, కుంచె ఇటివ్వండి.”

“ఇదిగోనే. జుట్టు?”

“దువ్వుతున్నా. బాగా దువ్వాలి. నూనె రాసి ముడి గట్టిగా కడతాను, ఊడిపోకూడదు. కాస్త సాంబ్రాణి పొగ కూడా వేద్దాం. ఆ... చూడండి బావగారూ. ఎంత అందంగా ఉన్నాడో చూడండి.”

“భలే! మహారాజులా ఉన్నాడు. అదిగో ఢంకా! వస్తానమ్మా. ఈ రాత్రికి మనింటికి ప్రభువుగారి సారా పీపా రాకపోతే నా పేరు మగొబే కాదు!”

“మెల్లగా వెళ్ళరా! మెట్లు తడిగా ఉన్నాయి! ...వెళ్ళాడు. చిన్నోడు పోయినప్పట్నుంచీ వాడి ముఖంలో నవ్వు చూళ్ళేదే. ఈ మేలు మర్చిపోను ఒసెన్. ఏంటి, ఆ ఖాళీ పీట దగ్గర అలా కూర్చుండిపోయావ్? లే, కాస్త గంజి తాగు.”

“అత్తయ్యా, ఇవాళ ప్రభువు పక్కన ఎవరు కూర్చుంటారు?”

“ఎప్పుడూ కూర్చునేవారే, కొండమీది మఠం గురువుగారు. చచ్చినవాళ్ళకి మంత్రం చదవాలిగా. ఏం?”

“ఆయన రెండువైపులకీ గురువే. రెండేళ్ళ కిందట షికిబు గారికి గుండు గీసి దీక్ష ఇచ్చింది ఆయనే. అప్పట్నుంచీ గుండే. అమ్మ ఉత్తరంలో రాసింది.”

“ఎవరికి గుండు? మరి నువ్వు జుట్టు దువ్వావుగా! ముడి కట్టావుగా!”

“కట్టాను.”

“ఒసేయ్! చంపేస్తారే వాణ్ణి! పలక మీద ఉన్నది నీ రాత, నిన్నూ బతకనివ్వరు!”

“తెలుసు.”

“మగొబే! ఒరేయ్ మగొబే! ఆగరా! ...ఆ ఢంకాలో వాడికెలా వినపడుతుంది! నీకేం ద్రోహం చేశామే? ఉన్నది ఒక్క కొడుకే నాకు!”

“మా అమ్మకీ ఒక్కడే అత్తయ్యా. ఇందాక మీ అబ్బాయి పట్టుకెళ్ళాడే, వాడే.”