కాశీలో వదిలిన పండు

షామ్‌బర్గ్‌లో ఎలక్ట్రానిక్ సిగరెట్లమ్మే వేప్ షాపులో కౌంటర్ వెనక ఒక తెలుగమ్మాయి. ఎదురుగా అరవై దాటిన పెద్దమనిషి, గాజు బీరువా వైపు అయోమయంగా చూస్తున్నాడు.

“పాడ్, కాయిల్, ట్యాంక్... ఇవన్నీ ఏంటమ్మా? నాకు సిగరెట్ వెలిగించుకోవడం తప్ప ఇంకేం తెలీదు.”

“ఫస్ట్ టైమ్ కదా అంకుల్, ఈ చిన్నది తీసుకోండి. పీల్చడమే, బటన్ కూడా ఉండదు. ఫ్లేవర్ ఏదివ్వను?”

“ఇంట్లో వాసన పట్టుకోలేనిది.”

“ఆంటీకి తెలీదా?”

“సిగరెట్ ఎప్పుడో మానేశాననుకుంటోంది.”

“అయితే మ్యాంగో తీసుకోండి. పండు వాసనే కాబట్టి డౌట్ రాదు. మనవాళ్లు ఎక్కువగా అదే అడుగుతారు.”

“మామిడి మాత్రం వద్దమ్మా.”

“ఇష్టం లేదా?”

“ఇష్టమే. ఆవిడకైతే ప్రాణం. నాకు స్టెంట్ వేశాక ఇద్దరం కాశీ వెళ్లాం. అక్కడ ఇష్టమైనదేదో ఒకటి వదిలెయ్యాలి కదా. నేను గంగలో మునిగి సిగరెట్ వదిలేశానన్నాను. ఆవిడ మామిడిపండు వదిలేసింది.”

“ఇప్పటికీ తినరా?”

“ముట్టదు. సీజన్ రాగానే ఇండియన్ స్టోర్ నుంచి పెట్టె మాత్రం తెస్తుంది. ముక్కలు కోసి నా ప్లేట్‌లో పెడుతుంది. టెంక కూడా నాకే ఇచ్చి, చెయ్యి కడిగేసుకుంటుంది.”