నల్లతెరను దారికి తెచ్చిన జిన్‌టూ

హువెయ్ ఊళ్ళో పేరున్న చేతిబొమ్మలాట మేళం ఒకటుంది. అందులో దీపాలూ, బొమ్మల వెనకాల వెలిగే పెద్ద ఎల్‌ఈడీ తెరా, ఆ తెరను నడిపే లినక్స్ కంప్యూటరూ చూసుకునేవాడు జిన్‌టూ. పనిమంతుడే. నోరే పనికన్నా నాలుగడుగులు ముందుంటుంది.

ఆ మధ్యాహ్నం మేళం గురువు అతన్ని పిలిచి చెప్పాడు. "గుడి కమిటీ తరఫున కావ్ గారు వస్తున్నారు. అమ్మవారి పుట్టినరోజుకి మనల్ని పిలవాలా, పక్కూరి మేళాన్నా అన్నది ఆయన మాట మీదుంది. నేనొచ్చేదాకా టీ ఇప్పించి కూర్చోబెట్టు. కబుర్లు మాత్రం వద్దు నాయనా!"

జిన్‌టూ టీ ఇప్పించాడు. రెండో మాట దారిలోనే ఎక్కడో జారిపోయింది.

అతని తప్పేం లేదు, అడిగింది కావ్ గారే. స్వే అక్క టీకొట్టు ముందు బల్ల మీద కూర్చుని, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, "ఆట మధ్యలో మీ తెర మొరాయిస్తే ఏం చేస్తారు బాబూ?" అన్నాడు.

పక్కనే ఉన్న, మేళంలో డప్పు కొట్టే పోకున్ తల పట్టుకున్నాడు. "అయిపోయింది. ఎందుకడిగారండీ!"

"మొరాయించడమా? పోయిన ఏడాది తొలిపంట పండగనాడు ఏమైందనుకున్నారు?" జిన్‌టూ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "పొద్దున అప్‌డేట్ వచ్చిందండీ, పోనీలే అని సరే కొట్టాను, ఆపి మళ్ళీ వేసేసరికి తెర అమావాస్య! మూలన ఓ చిన్న గీత మాత్రం మిణుకు మిణుకుమంటోంది. బయట జనం, లోపల గురువుగారు అప్పటికే చేతికి బొమ్మ తొడిగేశారు. ఇంకొకడైతే ఏడ్చేవాడు. నేనా? మూడు మీటలు కలిపి నొక్కి, బొమ్మల్లేని ఉత్త అక్షరాల తెరలోకి దిగి, చూడకుండా టైపు కొట్టుకుంటూ పోయాను. ఒక్క అక్షరం తప్పితే ఒట్టు!"

"ఇంతవరకు నమ్మొచ్చు," అంది స్వే అక్క, కెటిల్ దించుతూ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెర వెలిగింది. కానీ తలకిందులుగా! కొండలు పైనుంచి వేలాడుతున్నాయి, నది నెత్తిమీద పారుతోంది. గురువుగారు తక్కువవారా, బొమ్మల్నీ తలకిందులు చేసి కత్తియుద్ధం ఆడించేశారు. ముందు వరసలో ముసలాళ్ళంతా బెంచీల మీద శీర్షాసనం వేసి చూశారు. ఒకాయనకి ముప్పై ఏళ్ళ నడుంనొప్పి ఆ దెబ్బకి వదిలిపోయిందంటే మీరు నమ్మరు."

"నమ్మం," అన్నాడు పోకున్.

"నువ్వు డప్పు కొట్టుకుంటూ ఏం చూశావులే! సరే, తిన్నగా తిప్పాను. తెర మీది బొమ్మ చిన్నదైపోయింది, తపాలాబిళ్ళంత. పెంచాను. ఇంకాస్త పెంచాను. చెయ్యి కొంచెం ఎక్కువ పడిందండీ, బొమ్మ తెర చట్రంలో పట్టక పొర్లి గుడిగోడ మీదికి పోయింది, గోడ దాటి చెరకుతోటలోకి పోయింది, వెనక నది బొమ్మ ఉందిగా, రైతొకడు పరిగెత్తుకొచ్చి, 'బాబూ, నీ నీళ్ళు ఆపు, నా చెరకు కుళ్ళిపోతోంది' అని కాళ్ళమీద పడ్డాడు! తెరలోని డ్రాగన్ తల అలీషాన్ కొండెక్కింది, తోకేమో సముద్రంలో తేలింది. ముత్యపుచిప్పలు ఏరుకునేవాళ్ళు పడవలు తెచ్చి ఆ తోకకి కట్టేసుకున్నారు."

కావ్ గారు కాయ ఒలవడం మానేశాడు. ఆ ముఖంలో నవ్వుందో కోపముందో జిన్‌టూకి అందలేదు. అందకపోతే ఆగాలి గదా, అతను ఇంకాస్త ఎత్తుకెక్కాడు.

"అంత పెద్ద డ్రాగన్‌ని లోపలికి లాగాలంటే తెర వేగం పెంచాలి. పెంచాను! ఎంత వేగమంటే తెర మనకన్నా ముందు పరిగెత్తింది. ఈ పోకున్ డప్పుకర్ర జారవిడిచింది నేను తెర మీద ముందే చూశాను. 'పోకున్, కర్ర గట్టిగా పట్టుకోరా!' అని అరిచాక అప్పుడు జారింది వీడికి! నాటకం ముగింపు జనం ముందే చూసి ఏడ్చేసి, తర్వాత మొదలు చూసి నవ్వారు. అప్పుడు నేను కంప్యూటర్‌ని చెవి పట్టుకుని—"

"నేనూ ఉన్నాను ఆ ఆటకి," అన్నాడు కావ్ గారు.

స్వే అక్క కెటిల్ గాల్లోనే ఉండిపోయింది.

"మా అమ్మను తీసుకొచ్చాను. మూడో వరసలో కూర్చున్నాం. డ్రాగన్ కనపడలేదు బాబూ, నది కూడా కనపడలేదు. రాక్షసరాజు బొమ్మ నెత్తిమీద, తెరలో ఒకటే బోర్డు. 'తెర అమరిక ఇలాగే ఉంచమంటారా? పదిహేను సెకన్లలో పాతదానికి వెళ్ళిపోతుంది' అని. కింద అంకెలు తగ్గుతున్నాయి. సున్నా రాగానే తెర నలుపు. కాసేపటికి మళ్ళీ అదే బోర్డు."

జిన్‌టూ చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజు స్టేజీ వెనక చెమటలు కారుతూ, కనపడిన మీటల్లా నొక్కుతూ, ఒక చేత్తో అమ్మవారికి దణ్ణం పెట్టడం కళ్ళ ముందు మెదిలింది. గురువు ఆ తర్వాత తిట్టనూ లేదు, ఓదార్చనూ లేదు. అందుకే తనకు తనే అంత కథ అల్లుకోవాల్సి వచ్చింది.

మేళానికి పండగ పోయింది, తన నోటి వల్లే పోయింది అనుకుని అతను లేవబోయాడు. కావ్ గారు చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

"పూర్తిగా విను. మొదటిసారి జనం విసుక్కున్నారు. రెండోసారి మా అమ్మ లేచి నిలబడి గట్టిగా లెక్కపెట్టింది. తొమ్మిది, ఎనిమిది... మొత్తం మైదానం అందుకుంది. మీ గురువు గొప్పోడయ్యా, సరిగ్గా సున్నాకి రాక్షసుణ్ణి పడగొట్టాడు! మళ్ళీ బోర్డొస్తే లేపాడు, మళ్ళీ సున్నాకి పడగొట్టాడు. మా అమ్మ అంతలా నవ్వగా నేనెప్పుడూ చూళ్ళేదు. కమిటీలో నేను మీ మేళం పేరు చెప్పిందే అందుకు. వేరే మేళాలకీ మంచి తెరలున్నాయి. ఆ లెక్క మాత్రం లేదు." ముందుకు వంగాడు. "మాకు అదే కావాలి. పండగనాడు అలాగే వచ్చేలా చెయ్యగలవా?"

ఆ బోర్డు ఎలా వచ్చిందో, ఎలా పోయిందో జిన్‌టూకి ఇప్పటికీ తెలియదు.

పోకున్ మోచేత్తో పొడిచాడు. "చెప్పు అన్నా! డ్రాగన్‌నే లాగినోడివి!"

"అది... అది మన చేతిలో లేదండీ," అన్నాడు జిన్‌టూ, ఆ కొట్టులో ఎప్పుడూ వినపడనంత చిన్న గొంతుతో. "అలాంటి అప్‌డేట్ ఇంకోటి రావాలి."

కావ్ గారు తొడ చరిచాడు. "అంతేగా! వెళ్ళగానే అమ్మవారికి మొక్కుకుంటాం."