మచ్చల గుర్రం

నారిన్ కొండల్లో, గుడారం ముందు, భర్త పోయినావిడ గుర్రం పాలు పితుకుతోంది. మచ్చల గుర్రాల జాతిని మళ్ళీ నిలబెడతానని తిరిగే పెద్దమనిషి వచ్చాడు.

“వదినా, అన్న ఎక్కే మచ్చల గుర్రమేది? జాతికి మిగిలిన మగది అదొక్కటే.”

“పోయినవాడి గుర్రాన్ని సంవత్సరీకానికి కోస్తారని తెలీదూ?”

“తెలుసు. బదులుగా ఇంకోదాన్ని కోసుంటారనుకున్నా. ఒక్క మాట చెప్పొద్దా?”

“మూడుసార్లు కబురంపాను. ముందే తోలుకుపో, పెద్దలకి నేను చెప్పుకుంటానన్నాను. నీకు సభలున్నాయన్నావు.”

“ఆ సభలు జాతి కోసమేగా! సంవత్సరీకానికి వచ్చానుగా, అప్పుడైనా చెప్పాల్సింది.”

“వచ్చావు. పెద్దల వరసలో కూర్చుని జాతి గురించి గంటసేపు మాట్లాడావు. మాంసం మెత్తగా ఉంది వదినా అంటూ, రెండోసారి అడిగి పెట్టించుకున్నావే, అది దానిదే.”